విండోస్ 7 మీద ఆగిపోయిన క్రోమ్: ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

చిత్తూరులో చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమె దగ్గర నాలుగు సిస్టమ్‌లు ఉన్నాయి. నాలుగింటిలోనూ విండోస్ 7, దాని మీద క్రోమ్ 109 నడుస్తున్నాయి. ఇకపై అప్‌డేట్‌లు కావాలంటే విండోస్ 10 గానీ, ఆపై వెర్షన్ గానీ ఉండాలని బ్రౌజర్ పైభాగంలో ఒక పట్టీ కనిపిస్తోంది. కొన్ని సైట్లు ఎప్పటిలాగే తెరుచుకుంటున్నాయి, కొన్నింటిలో బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదు. ఒక సిస్టమ్‌లో మాత్రం కాంట్రాక్టర్ల టెండర్ల కోసం డిజిటల్ సంతకం టోకెన్ (కంప్యూటర్‌కు గుచ్చే, పెన్ డ్రైవ్ లాంటి పరికరం) వాడుతున్నారు, అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11లో తప్ప పనిచేయడం లేదు. "పని నడుస్తూనే ఉంది కదా, పూర్తిగా మొరాయించేదాకా ఆగవచ్చా? ఇప్పుడే మారిస్తే టోకెన్ పని ఆగిపోతుందేమో" అన్నది ఆమె సందేహం.

అమ్మా, మొరాయించేదాకా ఆగవద్దు. నిజానికి మీ నాలుగు సిస్టమ్‌ల విషయంలో నిర్ణయించుకోవలసిన సమయం 2023 ఫిబ్రవరిలోనే దాటిపోయింది. ఆ నెలలో వచ్చిన క్రోమ్ 110 నుంచి గూగుల్ విండోస్ 7కు, 8.1కు కొత్త వెర్షన్లు ఇవ్వడం మానేసింది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా అదే 109 దగ్గర ఆగింది. అయితే ఆలస్యమైపోయిందని ఈ సాయంత్రమే నాలుగింటినీ ఒకేసారి విప్పి కూర్చోవలసిన అవసరం కూడా లేదు. తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా ఆఫీసులకు, లాడ్జీలకు, ఇంటర్నెట్ సెంటర్లకు కంప్యూటర్లు చూస్తున్నాను. బ్రౌజర్ మార్చనందువల్ల నష్టపోయినవారినీ చూశాను, మార్చకూడని రోజున మార్చి నష్టపోయినవారినీ చూశాను. అందుకే ఎప్పుడు, ఏ వరుసలో మార్చాలో కొంత వివరంగా చెబుతాను.

ముందుగా, బ్రౌజర్ పాతబడిందో లేదో దాని వయసును బట్టి గాని, సైట్లు తెరుచుకుంటున్నాయా లేదా అన్నదాన్ని బట్టి గాని తేల్చవద్దు. దానికి ఇంకా భద్రతా మరమ్మతులు వస్తున్నాయా అన్నది ఒక్కటే చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో ఈఎస్ఆర్ అనే దీర్ఘకాలిక వెర్షన్ ఉంది. పైకి చూస్తే దాని నంబరు మామూలు ఫైర్‌ఫాక్స్ కంటే ఎంతో వెనకబడి ఉంటుంది, కొత్త సదుపాయాలు రావు, కానీ భద్రతా మరమ్మతులు క్రమంగా వస్తూనే ఉంటాయి కాబట్టి అది పాత బ్రౌజర్ కాదు. మీ క్రోమ్ 109 చూడడానికి ఇప్పటి క్రోమ్‌లాగే ఉన్నా దానికి మరమ్మతులు ఆగిపోయాయి. బ్రేకులు అరిగిన బండి గాంధీ రోడ్డులో ఎంతకాలమైనా నడుస్తుంది, ఆ సంగతి తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గాని తెలియదు.

మరమ్మతులు ఆగడం ఎందుకంత తీవ్రమైన విషయమో చాలామందికి ఎవరూ చెప్పరు. క్రోమ్‌కు మూలమైన క్రోమియం కోడ్ అందరూ చదవగలిగేలా బహిరంగంగా ఉంటుంది. ఒక లోపం బయటపడి దాన్ని సరిచేసినప్పుడు, ఆ సవరణ కూడా అక్కడే కనిపిస్తుంది. అంటే తాళం మార్చిన చోటును చూసి పాత తాళంలో ఉన్న లోపం ఏమిటో దొంగ తెలుసుకోవచ్చు. కోడ్‌లో సవరణ చేరిన రోజుకూ, అది మన కంప్యూటర్‌కు అప్‌డేట్‌గా చేరిన రోజుకూ మధ్య ఉండే ఎడమే అందుకు అవకాశం. ఆ ఎడం ఒకప్పుడు సగటున 35 రోజులు ఉండేదని, రెండు వారాలకోసారి భద్రతా అప్‌డేట్‌లు ఇవ్వడం మొదలుపెట్టాక 15 రోజులకు తగ్గిందని గూగుల్ స్వయంగా చెప్పింది. అదీ చాలదని 2023 ఆగస్టులో, క్రోమ్ 116 నుంచి, వారానికోసారి ఇవ్వడం మొదలుపెట్టింది. పదిహేను రోజులే ఎక్కువని అంత పెద్ద సంస్థ భావిస్తుంటే, మీ సిస్టమ్‌లలో ఆ ఎడం ఏళ్ల తరబడి తెరిచే ఉంది. 110 నుంచి ఇప్పటిదాకా సరిచేసిన లోపాల్లో 109లోనూ ఉన్నవి, ఎక్కడున్నాయో బయటివారికి తెలిసిపోయాక కూడా, మీ దగ్గర అలాగే మిగిలి ఉన్నాయి.

ఒక ఉదాహరణ చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే బొమ్మల రకాన్ని చదవడానికి బ్రౌజర్లు వాడే లైబ్రరీలో, అంటే ఉమ్మడి కోడ్ భాగంలో, ఒక లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక బొమ్మను బ్రౌజర్ చూపించబోతే చాలు, బయటివారి కోడ్ మన కంప్యూటర్‌లో నడిచే అవకాశం ఏర్పడుతుంది. దేన్నీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు, దేనికీ సరే అని నొక్కనక్కర్లేదు. అప్పటికే దాన్ని దుర్వినియోగం చేస్తున్నారని గూగుల్ ప్రకటించింది, క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ కొద్ది రోజుల్లోనే మరమ్మతు ఇచ్చాయి. "నేను పిచ్చి సైట్లకు వెళ్లను, తెలియని ఫైళ్లు తెరవను" అని జాగ్రత్తపరులు చెప్పే మాట ఇలాంటి లోపం ముందు నిలవదు. పైగా మీది ఇంటర్నెట్ సెంటర్. సిస్టమ్ ముందు కూర్చునేది మీరు కాదు, ఏ సైటుకు వెళతారో మీ చేతిలో లేదు. వారి ఆధార్ వివరాలు, బ్యాంకు ఓటీపీలు, పిల్లల హాల్ టికెట్లు మీ కీబోర్డు మీదుగానే వెళతాయి. నేను ఈ విషయంలో పట్టుబట్టి చెప్పడానికి ముఖ్య కారణం అదే. సొంత ఇంట్లో సొంత సిస్టమ్ అయితే నష్టం మీది, సెంటర్‌లో అయితే మిమ్మల్ని నమ్మి వచ్చినవారిది.

యాంటీవైరస్ ఉంది కదా అని అనుకోవచ్చు. యాంటీవైరస్ ఎక్కువగా డిస్క్ మీదకు వచ్చే ఫైళ్లను, తెలిసిన నమూనాలను పట్టుకుంటుంది. బ్రౌజర్ మెమరీలోనే జరిగిపోయే దాడిని అది ప్రతిసారీ చూడలేదు. మరమ్మతుకు అది ప్రత్యామ్నాయం కాదు, మరమ్మతు చేసిన బ్రౌజర్‌కు తోడు మాత్రమే.

ఇక మీరు చెప్పిన లక్షణాలకు వద్దాం. బటన్ నొక్కితే ఏమీ జరగకపోవడానికి కారణం ఇది: సైటు నడిచేది జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన స్క్రిప్టులతో. ఆ భాషలోకి ఏటా కొత్త రాత పద్ధతులు చేరుతుంటాయి. బ్రౌజర్‌కు తెలియని వ్యాకరణం ఒక్క చోట ఎదురైనా, ఆ ఒక్క వాక్యాన్నే కాక ఆ స్క్రిప్టు ఫైలు మొత్తాన్నీ తోసిపుచ్చుతుంది. అందుకే పేజీ అందంగానే కనిపిస్తుంది, రంగులూ అక్షరాలూ అన్నీ ఉంటాయి, బటన్‌కు మాత్రం ప్రాణం ఉండదు. పీడీఎఫ్ ఖాళీగా తెరుచుకోవడం కూడా ఈ కోవలోదే. ప్రామిస్.విత్‌రిసాల్వర్స్ అనే సదుపాయం క్రోమ్‌లోకి 119వ వెర్షన్‌తో వచ్చింది. వెబ్ పేజీలోనే పీడీఎఫ్‌లను చూపించడానికి చాలా సైట్లు వాడే పీడీఎఫ్.జేఎస్ దాన్ని వాడుకోవడం మొదలుపెట్టాక, అంతకు ముందరి బ్రౌజర్లలో ఆ పేజీలు తెల్లగా మిగిలిపోయాయి. హాల్ టికెట్ తెల్లకాగితంలా కనిపించి, పిల్లవాడు సైటు పాడైందనుకుని ఇంటికి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. సైటు బాగానే ఉంది, దాన్ని చదవలేకపోయింది మన బ్రౌజర్.

అయితే ప్రతి పొరపాటునూ బ్రౌజర్ మీదకు నెట్టవద్దు. "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అన్న ఎర్ర హెచ్చరిక వస్తే ముందుగా తెర కింద కుడి మూలన ఉన్న తేదీ చూడండి. పాత సిస్టమ్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ల లాంటి సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళుతుంది. సైటు అసలైనదేనని చూపే సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదని బ్రౌజర్ అనుకుంటుంది. ఆ బ్యాటరీ మారిస్తే సరిపోయేదానికి బ్రౌజర్‌నూ విండోస్‌నూ తీసి మళ్లీ వేసినవారు నాకు తెలుసు.

తేదీ సరిగ్గానే ఉన్నా హెచ్చరిక వస్తే అప్పుడు పాతదనాన్ని అనుమానించాలి. 2021 సెప్టెంబరు 30న మన సమయం ప్రకారం రాత్రి ఏడున్నరకు డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ (సైట్ల సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనది) గడువు తీరింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సర్టిఫికెట్ల సంస్థకు అప్పటిదాకా పాత యంత్రాల్లో నమ్మకం తెచ్చిపెట్టింది అదే. ఆ రాత్రి తిరుపతిలోని ఒక ట్రావెల్స్ ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. అప్పటిదాకా పనిచేసిన సైటు క్రోమ్‌లో ఉన్నట్టుండి తెరుచుకోవడం లేదు, అదే సిస్టమ్‌లో ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుంటోంది. క్రోమ్ అప్పట్లో విండోస్ దగ్గరున్న నమ్మకపు జాబితా మీద ఆధారపడేది, ఫైర్‌ఫాక్స్ తన జాబితాను తనే మోసుకొస్తుంది. ఆ సిస్టమ్‌లో విండోస్ అప్‌డేట్‌లను ఏళ్ల క్రితమే ఎవరో ఆపేశారు కాబట్టి జాబితా పాతబడిపోయింది. ఆ సాయంత్రం వరకూ ఏ సూచనా లేదు. 2025 మార్చి 14న పాత ఫైర్‌ఫాక్స్‌లకు కూడా ఇలాంటిదే జరిగింది. 128 కంటే, ఈఎస్ఆర్‌లోనైతే 115.13 కంటే, ముందరి వెర్షన్లలోని మూల సర్టిఫికెట్ గడువు ఆ రోజుతో తీరిపోతుందని, దానివల్ల యాడ్-ఆన్‌లు పనిచేయకుండా పోవచ్చని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ముందే హెచ్చరించింది. మొరాయించేదాకా ఆగుతానంటే ఆ రోజును ఎంచుకునేది మీరు కాదు, ఎక్కడో రాసి ఉన్న గడువు తేదీ. అది మీ సెంటర్‌లో ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకు క్యూ కట్టిన రోజే కావచ్చు.

పాత బ్రౌజర్ తన పేరును కొత్త బ్రౌజర్ పేరుగా చెప్పుకునేలా మార్చే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, వాటితో గడుపుకోమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. దానివల్ల "మీ బ్రౌజర్ పనికిరాదు" అన్న హెచ్చరిక పేజీ తప్పుతుందే తప్ప, లేని సామర్థ్యం రాదు, ఉన్న లోపం పోదు. ఫారం సగం నింపాక మధ్యలో ఆగిపోవడం కంటే మొదట్లోనే ఆగడం మేలు.

మీ అసలు చిక్కు బ్రౌజర్ దగ్గర లేదు, దాని కింద ఉన్న విండోస్ దగ్గర ఉంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది, సంస్థలు డబ్బు కట్టి పొందిన అదనపు మద్దతు కూడా 2023 జనవరితో అయిపోయింది. అందువల్ల తాత్కాలిక ఊరట ఒకటి, శాశ్వత పరిష్కారం ఒకటి, రెండూ వేర్వేరుగా ఆలోచించండి.

తాత్కాలికంగా చేయగలిగింది ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేసుకోవడం. 2023 జూలైలో వచ్చిన ఈ వెర్షనే విండోస్ 7 మీద నడిచే చివరి ఫైర్‌ఫాక్స్. ఇంకా ఈ పాత విండోస్‌లు వాడేవారు ఉన్నారని మొజిల్లా దీనికి భద్రతా మరమ్మతుల గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించింది. వేసుకునే ముందు ఆ గడువు ఇంకా ఉందో లేదో మొజిల్లా మద్దతు పేజీలో చూడండి. గడువు ఉంటే విండోస్ మార్చేదాకా క్రోమ్ 109 బదులు దాన్నే వాడండి, తీరిపోయి ఉంటే ఆ దారి కూడా మూసుకుపోయినట్టే. ఏదైనా సరే కింద ఉన్న విండోస్ లోపాలను బ్రౌజర్ పూడ్చలేదు కాబట్టి దీన్ని నెలల లెక్కలోనే చూడాలి, ఏళ్ల లెక్కలో కాదు.

శాశ్వతంగా అంటే, ముందు మీ సిస్టమ్‌లలో ప్రాసెసర్ ఏమిటో చూడాలి. విండోస్ 11కు అధికారికంగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. విండోస్ 7తో కొన్న సిస్టమ్‌లలో ఇవన్నీ ఉండే అవకాశం లేదు. ఆ నిబంధనలను తప్పించి విండోస్ 11 వేసే ఉపాయాలు ఉన్నాయి గాని, అలా వేసిన యంత్రాలకు అప్‌డేట్‌లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్‌ల కోసమే ఇంత శ్రమ పడుతూ హామీ లేని చోట ఆగడం నాకు సమ్మతం కాదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటి వాడకందారులకు ఇచ్చిన అదనపు భద్రతా అప్‌డేట్‌ల గడువు 2026 అక్టోబరు 13. ఇప్పుడు కొత్తగా విండోస్ 10కి మారడం అంటే కూలబోయే ఇంట్లోంచి, ఖాళీ చేయమని నోటీసు వచ్చిన ఇంట్లోకి మారడమే.

అందుకని నాలుగింటిలో మూడింటికి, అంటే బ్రౌజింగ్, ప్రింటింగ్ మాత్రమే జరిగే వాటికి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయమని నా సలహా. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి అందులో ఎక్స్ఎఫ్‌సీఈ రకం తేలికగా ఉంటుంది. కోర్ 2 డ్యూయో నాటి ప్రాసెసర్లు కూడా 64 బిట్‌వే కాబట్టి దాని మీద ఇప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ నడుస్తాయి, అప్‌డేట్‌లు కూడా క్రమంగా వస్తాయి. పాత హార్డ్ డిస్క్ స్థానంలో చిన్న ఎస్ఎస్‌డీ పెడితే అదే యంత్రం మీకే కొత్తగా అనిపిస్తుంది. అయితే గుడ్డిగా వేయకండి. మింట్‌ను పెన్ డ్రైవ్ నుంచి, డిస్క్‌లోని దేన్నీ ముట్టుకోకుండా నడిపి చూడవచ్చు. అలా నడిపి మీ ప్రింటరు కాగితం తీస్తుందా, స్కానర్ పలుకుతుందా, తెలుగు టైపింగ్ మీకు అలవాటైన కీబోర్డు అమరికలో వస్తుందా, మీ కస్టమర్లు ఎక్కువగా వాడే పది సైట్లు చివరిదాకా, అంటే డబ్బు కట్టే పేజీ దాకా, వెళుతున్నాయా అని ఒక మధ్యాహ్నం పరీక్షించండి. వేలిముద్రల పరికరం వాడుతుంటే దానికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో తప్పకుండా కనుక్కోండి. చాలా సందర్భాల్లో పని అక్కడే ఆగుతుంది. ప్రింటరు మొండికేస్తే, ఆ పని మిగతా యంత్రాల మీద పెట్టుకోవచ్చో లేదో అప్పుడే తేలిపోతుంది.

నాలుగోది, టోకెన్ ఉన్న సిస్టమ్, వేరే విషయం. దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో నా వల్ల ఒకరికి నష్టం జరిగింది. 2015 సెప్టెంబరులో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో సిస్టమ్ నెమ్మదిగా ఉందని పిలిస్తే వెళ్లి, శుభ్రం చేసి, మంచి పని చేస్తున్నాననే ఉద్దేశంతో క్రోమ్‌ను 45వ వెర్షన్‌కు అప్‌డేట్ చేశాను. డిజిటల్ సంతకం అప్పట్లో జావా ఆప్లెట్ ద్వారా, అంటే వెబ్ పేజీలో నడిచే చిన్న ప్రోగ్రామ్ ద్వారా, జరిగేది, ఆ ఆప్లెట్ ఎన్‌పీఏపీఐ అనే ప్లగిన్ దారిలో బ్రౌజర్‌లోకి వచ్చేది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చిన 42 నుంచి ఆ దారి మామూలుగా మూసి ఉన్నా, ఒక సెట్టింగ్ మార్చి నడిపించుకునేవారు. 45లో ఆ సెట్టింగ్ కూడా పోయింది. మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకు వారి టెండరు గడువు. ఉదయం నుంచి టోకెన్ కనబడడం లేదని వారు పెనుగులాడి, నాకు ఫోన్ చేసేటప్పటికి రెండున్నర. వేరే బ్రౌజర్‌లో జావాను సరిచేసి నడిపించేసరికి మూడు దాటింది. గూగుల్ ఆ దారి మూసేస్తానని 2013 సెప్టెంబరులోనే ప్రకటించింది. రెండేళ్ల పాటు ఉన్న హెచ్చరికను నేను చదవలేదు, ఆ సిస్టమ్ ఏ పనికి వాడుతున్నారో కూడా అడగలేదు. ఆ రోజు నుంచి ఏ సిస్టమ్ మీద చేయి వేసే ముందైనా "ఇందులో ఏ పని ఆగితే మీకు డబ్బు పోతుంది, ఆ పని గడువు ఎప్పుడు" అని అడగకుండా మొదలుపెట్టను.

మీ టోకెన్‌కు ఇప్పుడు రెండు దారులున్నాయి. మొదటిది, చాలా పోర్టళ్లు బ్రౌజర్ ప్లగిన్‌ను వదిలేసి, సంతకం కోసం విడిగా ఒక చిన్న ప్రోగ్రామ్ ఇస్తున్నాయి. జీఎస్‌టీ పోర్టల్‌లో ఎంసైనర్ అలాంటిదే. అది సిస్టమ్‌లో నడుస్తూ ఉంటే ఇప్పటి బ్రౌజర్ దానితో మాట్లాడుతుంది, టోకెన్‌ను అదే అందుకుంటుంది. మీరు వాడే టెండర్ల పోర్టల్ సహాయ పేజీలో ఇలాంటి ప్రోగ్రామ్ వచ్చిందేమో చూడండి. మీరు పాత పద్ధతిలోనే కొనసాగుతున్నారు కాబట్టి అది వచ్చిన సంగతి మీ దాకా రాకపోయి ఉండవచ్చు. రెండోది, పోర్టల్ ఇంకా పాత పద్ధతిలోనే ఉంటే, విండోస్ 11 ఉన్న యంత్రంలో ఎడ్జ్‌లోని ఐఈ మోడ్. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 డెస్క్‌టాప్ అప్లికేషన్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమింపజేసినా, దాని ఇంజిన్‌ను ఎడ్జ్‌లోపల ఈ మోడ్ రూపంలో ఉంచింది, కనీసం 2029 దాకా మద్దతు ఇస్తామని చెప్పింది. యాక్టివ్‌ఎక్స్ అనే పాత ఎక్స్‌ప్లోరర్ ప్లగిన్ పద్ధతి కావాలన్న సైట్లు అందులో నడుస్తాయి. సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ బ్రౌజర్ అన్న భాగంలో ఐఈ మోడ్‌లో మళ్లీ తెరవడాన్ని అనుమతించి, ఆ ఒక్క సైటు చిరునామాను జాబితాలో చేర్చాలి. అలా చేర్చిన చిరునామా 30 రోజుల తర్వాత దానంతటదే జాబితాలోంచి పోతుంది, మళ్లీ చేర్చుకోవాలి. ఈ సంగతి తెలియక నెల తిరిగాక మళ్లీ టోకెన్ పోయిందని కంగారుపడతారు కాబట్టి ముందే చెబుతున్నాను.

అంటే మీరు డబ్బు పెట్టవలసింది ఈ ఒక్క సిస్టమ్ మీద. విండోస్ 11 నిబంధనలకు సరిపోయే యంత్రం ఒకటి, వాడినదైనా సరే, తీసుకోండి. దాని మీద టోకెన్ డ్రైవర్, పోర్టల్ ప్రోగ్రామ్ వేసి, ఏదైనా చిన్న పత్రం మీద నిజంగా సంతకం చేసి చూసేదాకా పాత సిస్టమ్‌ను అలాగే ఉంచండి. ఈ మధ్యకాలంలో పాత సిస్టమ్‌ను టెండరు పోర్టల్‌కు తప్ప మరి దేనికీ వాడవద్దు. మెయిల్ తెరవవద్దు, కస్టమర్ల పెన్ డ్రైవ్ పెట్టవద్దు, పని అయ్యాక నెట్ కేబుల్ తీసేయండి. కొత్తదానిలో రెండు టెండర్లు సాఫీగా వెళ్లాక పాతదానిని మిగతా మూడింటిలాగే మింట్‌కు మార్చండి.

రోజు ఎంచుకోవడం గురించి ఒక మాట. మా తిరుపతిలో మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే ఉదయం ఏ సెంటర్‌లోనూ నేను సిస్టమ్ ముట్టుకోను. మీకు కూడా అలాంటి రోజులుంటాయి: ఫీజు చివరి తేదీలు, కౌన్సెలింగ్ రోజులు, టెండరు గడువులు. వాటికి కనీసం వారం ఎడంగా, రద్దీ లేని రోజు మధ్యాహ్నం, ఒక్క సిస్టమ్‌తో మొదలుపెట్టి, రెండు మూడు రోజులు నడిచాక రెండోదానికి వెళ్లండి. నాలుగూ ఒకే రోజు చేస్తే, ఏదైనా ఆగినప్పుడు వెనక్కి వెళ్లడానికి చోటు ఉండదు.

విండోస్ తీసేముందు బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు కాపాడుకోవాలి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. క్రోమ్ ఫోల్డర్ మొత్తం పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే అన్నీ వచ్చేసినట్టే అనుకుంటారు. బుక్‌మార్కులు వస్తాయి గాని పాస్‌వర్డ్‌లు రావు, ఎందుకంటే విండోస్‌లో క్రోమ్ వాటిని ఆ యంత్రంలోని ఆ యూజర్ ఖాతాతో ముడిపెట్టి రహస్యలిపిలో ఉంచుతుంది. విండోస్ తీసేశాక ఆ ముడి విప్పేవారు ఉండరు. అందుకని ముందుగానే క్రోమ్ పాస్‌వర్డ్‌ల పేజీలోంచి ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలుగా తీసుకోండి. ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో, ఎవరు తెరిచినా చదివేలా ఉంటాయి కాబట్టి కొత్తచోట చేర్చిన వెంటనే పెన్ డ్రైవ్‌లోంచీ, రీసైకిల్ బిన్‌లోంచీ తుడిచేయండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ప్రొఫైల్ ఫోల్డర్‌ను అలాగే తీసుకెళ్లవచ్చు, పాస్‌వర్డ్‌లూ దానితో వస్తాయి. కాని కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ మళ్లీ తెరవదు కాబట్టి ముందు ఒక నకలు ఉంచుకోండి. కస్టమర్లు మీ బ్రౌజర్లలో భద్రపరిచి మరిచిపోయిన పాస్‌వర్డ్‌లు ఉంటే వాటిని ఎక్కడికీ తీసుకెళ్లవద్దు, అక్కడే చెరిపేయండి. కొత్త సిస్టమ్‌లలో కస్టమర్లను గెస్ట్ మోడ్‌లో కూర్చోబెడితే కిటికీ మూసిన వెంటనే వారి జాడ బ్రౌజర్‌లో మిగలదు.

ఈ పని మొదలుపెట్టాక మీరు ఎక్కువగా జాగ్రత్తపడవలసింది నకిలీ అప్‌డేట్‌ల విషయంలో. "మీ బ్రౌజర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి" అంటూ వెబ్ పేజీ మధ్యలో క్రోమ్ గుర్తుతో సహా కనిపించే పెట్టెను ఎప్పుడూ నొక్కవద్దు. దాడి చేసేవారు మంచి సైట్లలోకి కూడా చొరబడి ఇలాంటివి పెడతారు. మార్చాలన్న ఆలోచన మనసులో ఉన్నవారే వీటికి సులువుగా దొరుకుతారు, అందుకే మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. నిజమైన అప్‌డేట్ వచ్చేది విండోస్‌లో బ్రౌజర్ సొంత మెనూలోంచే, మింట్‌లో దాని అప్‌డేట్ మేనేజర్‌లోంచే. విండోస్ మీది క్రోమ్‌లో కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సహాయంలో "గూగుల్ క్రోమ్ గురించి" అన్నది తెరిస్తే అదే వెతికి దించుకుంటుంది. కొత్తగా వేసుకోవాలంటే గూగుల్, మొజిల్లా సైట్ల చిరునామాను మీరే టైప్ చేసి వెళ్లండి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల్లోంచి గాని, సాఫ్ట్‌వేర్లు పోగుచేసి పెట్టే సైట్లలోంచి గాని తీసుకోవద్దు. సెంటర్‌లో సహాయకులెవరైనా ఉంటే వారికి కూడా ఈ ఒక్క సంగతి చూపించి నేర్పండి.

కొత్త బ్రౌజర్ వచ్చాక ఇక ఎప్పుడు అప్‌డేట్ చేయాలన్న ప్రశ్న దాదాపు ఉండదు. విండోస్‌లో క్రోమ్ తనే దించుకుంటుంది, కాని మూసి తెరిచేదాకా అమల్లోకి రాదు. ఇంటర్నెట్ సెంటర్లలో ఉదయం తెరిచిన బ్రౌజర్‌ను రోజుల తరబడి మూయరు, సిస్టమ్‌ను స్లీప్‌లో పెట్టి వెళ్లిపోతారు, అందుకే దించుకున్న అప్‌డేట్ వారాలపాటు పక్కనే పడి ఉంటుంది. విండోస్ మీది క్రోమ్‌లో పై మూలన కనిపించే గుర్తు ఆకుపచ్చగా ఉంటే అప్‌డేట్ వచ్చి రెండు రోజుల లోపు, నారింజ రంగైతే దాదాపు నాలుగు రోజులు, ఎరుపైతే కనీసం వారం అయిందని అర్థం. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ కింద పట్టీలో గుర్తు చూపిస్తుంది. రాత్రి షట్టర్ దించేముందు బ్రౌజర్ మూసి, సిస్టమ్ పూర్తిగా షట్‌డౌన్ చేయడం అలవాటు చేసుకుంటే చాలు.

టోకెన్ సిస్టమ్‌లో మాత్రం, టెండరు గడువుకు రెండు రోజుల ముందు ఒకసారి లాగిన్ అయి టోకెన్ కనబడుతోందో లేదో చూసుకోండి. బ్రౌజర్ అప్‌డేట్ వల్ల ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది, అప్‌డేట్‌లను ఆపేయాలన్న ఆలోచన కూడా రాదు.

మీ టోకెన్ మీద ముద్రించిన మోడల్ పేరు, మీరు టెండర్లు వేసే పోర్టల్ పేరు, కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ అన్నచోట కనిపించే ప్రాసెసర్ పేరు రాసి పంపండి. విండోస్ 11లో ఏ డ్రైవర్ కావాలో, ఐఈ మోడ్ అవసరమో లేదో, మిగతా మూడు యంత్రాల్లో మింట్‌ను ఏవి తట్టుకుంటాయో చూసి చెబుతాను. అప్పటిదాకా ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. ముందు క్రోమ్ 109లో కస్టమర్లు భద్రపరిచినవన్నీ చెరిపేయండి, ఆ తర్వాత మీ పాస్‌వర్డ్‌ల ఫైలు తీసుకోండి.